గుండుసూదితో గోటి మీద ముగ్గు: ఇంట్లోనే నెయిల్ ఆర్ట్ వేసుకోవడం ఎలా

తలంటుకున్న రోజు గోళ్లరంగు పెట్టుకోకండి. ఆదివారం కాస్త తీరిక ఉంటుంది కాబట్టి తలస్నానం అయ్యాక, జుట్టు ఆరేలోపు కూర్చుని గోళ్లకు రంగేసుకోవడం చాలామందికి అలవాటు. నాకూ ఉండేది. బుధవారానికల్లా చివర్లు పెచ్చులు లేచిపోయేవి. తప్పు సీసాదే అనుకుని ఎన్ని సీసాలు మార్చానో లెక్కలేదు. అసలు సంగతేమిటంటే గోరు నీళ్లు పీలుస్తుంది. కాసేపు తడిలో నానితే కొంచెం ఉబ్బుతుంది, ఆరాక మళ్లీ మామూలవుతుంది. ఉబ్బిన గోటి మీద వేసిన రంగు కింద గోరు ముడుచుకునేసరికి పట్టు వదిలేస్తుంది. పైగా తలకు పట్టించిన కొబ్బరినూనె గోటి అంచుల్లో ఎక్కడో ఓ చోట ఉండనే ఉంటుంది. నూనె మీద ఏ రంగూ నిలవదు.

అంట్లు తోమాక, బట్టలు ఉతికాక కూడా ఇదే లెక్క. చేతులు తుడుచుకున్నాక గంటసేపు ఆగి మొదలుపెట్టండి. మంచి సమయం అంటే నేను రాత్రి భోజనాలై వంటిల్లు సర్దేశాక తొమ్మిదింటికి అంటాను. అయితే పడుకునే ముందు రెండు గంటలైనా చేతిలో ఉండాలి. ఎందుకో కింద చెబుతాను.

ఏమేం కావాలి

కొనాల్సినవి కొన్నే. రంగు కింద వేసే బేస్ కోట్ ఒకటి, అన్నిటికంటే పైన వేసే టాప్ కోట్ ఒకటి, నచ్చిన రంగులు రెండు, వాటితోపాటు తెలుపు ఒకటి. రిమూవర్, దూది. మిగతావన్నీ ఇంట్లోనే దొరుకుతాయి: గుండుసూదులు, టూత్‌పిక్‌లు, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్ను, సెల్లో టేపు, కొత్త స్పాంజి ముక్క, పిల్లల వాటర్ కలర్ డబ్బాలో ఉండే సన్న కుంచె. డాటింగ్ టూల్స్ అని ఆన్‌లైన్‌లో అమ్మే గుండుతల పుల్లలు బాగానే ఉంటాయి గానీ మొదటి నెల వాటి జోలికి పోకండి. గుండుసూదిని ఒక పెన్సిల్ చివరి రబ్బరులో గుచ్చితే అదే పని చేస్తుంది. పట్టుకోవడానికీ వీలుగా ఉంటుంది.

బేస్ కోట్ ఎందుకులే అని దాటేసేవాళ్లున్నారు. ముదురు ఎరుపు, మెరూన్, నేరేడు రంగులు నేరుగా గోటికి తగిలితే తీసేశాక గోరు పచ్చబారి కనిపిస్తుంది. ఆ పచ్చదనం రిమూవర్‌తో పోదు, గోరు పెరిగి పోవాల్సిందే. అందుకే బేస్ కోట్ మీద డబ్బులు ఆదా చేయకండి, చేస్తే రంగుల మీద చేయండి.

ముందు మామూలు రంగు సరిగ్గా వేయడం

డిజైన్ల దగ్గరికి పరిగెత్తకండి. కింద రంగు గట్టిగా లేకపోతే దాని మీద ఎంత అందమైన పువ్వు వేసినా రెండోరోజుకు రేక ఊడిపోతుంది.

1. పాత రంగు తీయడానికి దూదిని రిమూవర్‌లో తడిపి గోటి మీద పెట్టి పది పదిహేను సెకన్లు అదిమి పట్టండి. తర్వాత మొదలు నుంచి చివరికి ఒక్క లాగు. రుద్దితే రంగంతా చర్మానికి అంటుకుంటుంది.

2. గోళ్లను పొడిగా ఉన్నప్పుడే ఒకే దిశలో ఫైల్ చేయండి. రంపం కోసినట్టు అటూ ఇటూ ఆడిస్తే అంచు పొరలు పొరలుగా విడిపోతుంది.

3. గోటి మొదట్లో ఉండే చర్మాన్ని వేలికి చుట్టిన మెత్తటి గుడ్డతో నెమ్మదిగా వెనక్కి నెట్టండి, కత్తిరించకండి. సూక్ష్మజీవులు లోపలికి పోకుండా అడ్డుకునే కాపలా అది.

4. రంగేసే ముందు ప్రతి గోటినీ రిమూవర్ తడిపిన దూదితో ఒకసారి తుడవండి. కనిపించని నూనె పోతుంది. ఇక్కడి నుంచి జుట్టు ముట్టుకోకూడదు, ముఖం తుడుచుకోకూడదు.

5. బేస్ కోట్ ఒక పూత. ఆరాక రంగు. గోటి మధ్యలో ఒక గీత, అటొకటి, ఇటొకటి, మూడు గీతల్లో గోరు నిండిపోవాలి. చివరగా కుంచెను గోటి కొస అంచు మీద కూడా ఒకసారి లాగండి. ఆ కొస మూసుకుంటే నీళ్లు దూరవు, రంగు రెండు రోజులు ఎక్కువ నిలుస్తుంది.

6. మూడు నిమిషాలాగి రెండో పూత. మొదటిది గీతలు గీతలుగా కనిపించినా కంగారుపడి మందంగా పూయకండి, రెండోదాంతో సర్దుకుంటుంది.

పల్చగా వేయమని పదేపదే చెప్పడానికి కారణం ఉంది. మామూలు గోళ్లరంగులో ముఖ్యమైన పదార్థం నైట్రోసెల్యులోజ్. అది ఇథైల్ ఎసిటేట్, బ్యుటైల్ ఎసిటేట్ లాంటి ద్రావకాల్లో కరిగి ఉంటుంది. సీసా తెరవగానే ముక్కుకు తగిలే ఘాటు వాసన వాటిదే. రంగు ఆరడమంటే ఆ ద్రావకం గాల్లోకి పోయి గోటి మీద పొర మిగలడం. మందంగా పూస్తే పైన ముందే గట్టిపడుతుంది, లోపల ఉన్నది బయటికి రాలేక బుడగలు కడుతుంది. ఫ్యాను ఐదు మీద పెట్టి దాని కింద కూర్చున్నా అదే జరుగుతుంది. సీసాను దగ్గుమందు సీసాలా ఊపినా బుడగలే. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కవ్వం తిప్పినట్టు తిప్పండి చాలు.

ఈ ద్రావకాలు, రిమూవర్‌లో ఉండే ఎసిటోన్, అన్నీ సులువుగా అంటుకునేవే. పొయ్యి దగ్గర, దేవుడి గదిలో దీపం పక్కన, అగరుబత్తీ వెలుగుతున్న చోట ఈ పని పెట్టుకోకండి. కిటికీ తెరిచి ఉంచండి.

చుక్కలు: తెలుగింట్లో ఎవరికైనా వచ్చే డిజైన్

నాకు బొమ్మలు వేయడం రాదండీ అనేవాళ్లు ముగ్గు వేయగలరా లేదా ఆలోచించుకోండి. వాకిట్లో పిండి జారవిడవడం వచ్చిన చేతికి గోటి మీద చుక్క పెట్టడం లెక్కలోది కాదు.

ఒక పాత స్టీలు మూత మీద రెండు చుక్కల రంగు వేసుకోండి. అది నిమిషంలో చిక్కబడిపోతుంది కాబట్టి ఎక్కువ పోయకండి, అవసరమైనప్పుడల్లా కొత్త చుక్క వేసుకోండి. తీగలు సాగుతోందంటే ఆ రంగు పనికిరానట్టే. గుండుసూది తలను రంగులో ముంచి, నిటారుగా పట్టుకుని గోటికి తాకించి పైకెత్తండి. నొక్కకూడదు. రంగే దిగుతుంది.

ఒకసారి ముంచితే మూడు చుక్కలు వస్తాయి, ఒకదానికంటే ఒకటి చిన్నది. దీన్ని లోపం అనుకోకండి, ఇందులోనే అందముంది. గోటి మొదట్లో పెద్దది, ఆపైన కాస్త చిన్నది, ఆపైన ఇంకా చిన్నది పెడుతూ పోతే మల్లెమొగ్గలు రాలినట్టుంటుంది. చుక్కలన్నీ ఒకే సైజులో కావాలంటే ప్రతిసారీ ముంచాలి. పెద్ద చుక్కకు బాల్‌పెన్ను మొన, చిన్నదానికి గుండుసూది తల, మరీ సన్నదానికి టూత్‌పిక్ కొస.

పువ్వు కావాలంటే ఐదు చుక్కలు గుండ్రంగా, మధ్యలో పసుపు చుక్క ఒకటి. చుక్కలు తడిగా ఉండగానే ఒక్కొక్కదాని మీంచి టూత్‌పిక్‌ను మధ్యలోకి లాగితే రేకలకు మొన వస్తుంది. పక్కపక్కన రెండు చుక్కలు పెట్టి రెంటినీ కిందికి ఒకే బిందువుకు లాగితే హృదయం గుర్తు.

ఇక ముగ్గు. బొటనవేలి గోరు వెడల్పుగా ఉంటుంది కాబట్టి దాని మీద ప్రయత్నించండి. మెరూన్ రంగు బాగా ఆరాక తెల్లరంగుతో మధ్యలో మూడు చుక్కలు, పైన ఒకటి, కింద ఒకటి. సన్నకుంచెతో చుక్కల చుట్టూ మెలిక తిప్పండి. ఆ కుంచె వెంట్రుకలు సగం కత్తిరించి నాలుగైదు మాత్రమే మిగిల్చుకుంటే గీత సన్నగా వస్తుంది. మిగతా వేళ్లకు ముగ్గు పెట్టకుండా చుక్కలతో సరిపెట్టండి. పదివేళ్లకూ ముగ్గులేస్తే దూరం నుంచి గోళ్లకు సున్నం అంటుకున్నట్టు కనిపిస్తుంది. అనుభవంతో చెబుతున్నా.

పోచంపల్లి అంచు

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. దీనికో కారణముంది: తప్పు చేసినా కనిపించదు. పోచంపల్లి ఇక్కత్‌లో నూలును ముందే కట్లు కట్టి రంగులద్ది ఆ తర్వాత నేస్తారు. అందుకే బొమ్మ అంచులు కత్తిరించినట్టు ఉండవు, కాస్త చెదిరి ఈకలు విప్పినట్టుంటాయి. చెయ్యి వణికేవాళ్లకు ఇంతకంటే అనుకూలమైన డిజైన్ ఉండదు.

గోటికి నలుపు గానీ మెరూన్ గానీ రెండు పూతలు వేసి ఆరనివ్వండి. ఇక్కడి నుంచి ఒక్కో గోరే పూర్తిచేయాలి, పదీ ఒకేసారి మొదలుపెడితే ఆరిపోతాయి. అదే రంగు ఇంకో పల్చటి పూత వేసి, అది తడిగా ఉండగానే తెలుపుతో అడ్డంగా మూడు గీతలు గీయండి. వెంటనే గుండుసూది మొనతో పైనుంచి కిందికి ఒకసారి, పక్కనే కింది నుంచి పైకి ఒకసారి, ఇలా నాలుగైదుసార్లు లాగండి. తెల్లగీతలు కొసలు తేలి ఇక్కత్ అలల్లా మారతాయి. ప్రతి లాగుకూ సూదిని దూదితో తుడవాలి. మొనను అదిమితే కింది పూత చీలిపోతుంది, పైపైన తేలించాలి. రెండు చేతులూ కలిపి అరగంట పని.

టేపుతో జరీ అంచు, స్పాంజితో రంగుల కలయిక

టేపు డిజైన్లలో అందరూ చేసే పొరపాటు ఒక్కటే: తొందర. పైకి ఆరినట్టు అనిపించే రంగు లోపల మెత్తగానే ఉంటుంది. దాని మీద టేపు అంటిస్తే తీసేటప్పుడు రంగు కూడా వచ్చేస్తుంది. కింది రంగు ముందురోజు రాత్రే వేసేసుకోండి. మర్నాడు సెల్లో టేపు ముక్కను ముందు ముంజేతికి రెండుసార్లు అంటించి తీసి, జిగురు తగ్గాక గోటి మీద పెట్టండి. కొస దగ్గర సన్న పట్టీ మాత్రం వదిలి ఆ పట్టీకి బంగారు రంగు వేయండి. ఆరేదాకా చూడకుండా, తడిగా ఉండగానే టేపు లాగేయాలి. ఆరాక లాగితే అంచు చిరుగుతుంది. ఆకుపచ్చ గోటికి బంగారు కొస, పట్టుచీర అంచులా, పెళ్లిళ్ల సీజన్‌లో ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

రెండు రంగులు ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోయినట్టు కావాలంటే స్పాంజి. ముందు గోటికి తెలుపు వేసి ఆరనివ్వండి, పైరంగులు అప్పుడే వెలుగుతాయి. స్పాంజిని తడిపి గట్టిగా పిండేయండి. పొడి స్పాంజి రంగంతా తాగేస్తుంది. దాని మీద రెండు రంగులూ పక్కపక్కన పట్టీల్లా పూసి, గోటి మీద అద్దండి. అద్దేటప్పుడు వెంట్రుకవాసి పైకీ కిందికీ జరుపుతుంటే మధ్య గీత కరిగిపోతుంది. రెండు మూడు విడతలు అద్దాలి. పైన టాప్ కోట్ పడేదాకా గరుకుగా, వికారంగానే ఉంటుంది. చాలామంది అక్కడే మనసు విరిగి చెరిపేస్తారు. చెరపకండి, టాప్ కోట్ వేసి చూడండి.

చర్మానికి అంటకుండా గోటి చుట్టూ తెల్ల ఫెవికాల్ పల్చగా రాసి ఆరనిస్తే, పనయ్యాక పొరలా ఊడి వస్తుంది. వేళ్లకు పుళ్లు, పగుళ్లు ఉంటే మాత్రం రాయకండి.

నీళ్లలో పాలరాయి

ఇంటర్నెట్‌లో అందరూ చూసి మురిసిపోయేది ఇదే. గ్లాసు నీళ్లలో రంగుచుక్కలు ఒకదాని మీద ఒకటి వేసి, వలయాలుగా పరుచుకున్నాక టూత్‌పిక్‌తో గీతలు లాగి, వేలు ముంచి తీయడం. నీళ్లు మరీ చల్లగా ఉండకూడదు, ఫ్యాను ఆగి ఉండాలి, రంగు కొత్త సీసాలోదై ఉండాలి, వేలికి చుట్టూ టేపు వేసుకోవాలి. టూత్‌పిక్‌ను అన్నిటికంటే బయటి వలయంలో పెట్టకండి, అది అప్పటికే ఆరి ఉంటుంది, రెండోదాన్నుంచి లాగండి. వేలు నీళ్లలో ఉండగానే పైన మిగిలిన పొరను పుల్లతో చుట్టి తీసేస్తే గానీ బయటికి రాకూడదు.

ఒక్కసారి సరదాకు చేయండి. నా మటుకు నాకు ఇది రంగు దండగ.

కుడిచేతి సంగతి

ఎడమచేతి గోళ్లు బొమ్మల్లా వచ్చి కుడిచేతివి చంటిపిల్లలు వేసినట్టుంటే బాధపడకండి, అందరికీ అంతే. ముందు కుడిచేతి గోళ్లే మొదలుపెట్టండి, ఓపిక ఉన్నప్పుడే కష్టమైనది అయిపోవాలి. రెండు మోచేతులూ బల్ల మీద ఆనించండి. ఎడమచేతిలోని కుంచెను కదలకుండా పట్టుకుని దాని కింద కుడివేలిని తిప్పండి. కుంచె కంటే వేలు బాగా మాట వింటుంది. పక్కలకు అంటిన రంగును రిమూవర్‌లో ముంచిన చదును కుంచెతో చివర్లో తుడిచేయొచ్చు. అప్పటికీ కుదరకపోతే కుడిచేతికి ఉంగరపు వేలు ఒక్కదానికే డిజైన్ పెట్టి మిగతావి సాదాగా వదిలేయండి. కావాలనే అలా వేశారనుకుంటారు.

టాప్ కోట్, ఆ తర్వాత

డిజైన్ అయ్యాక పావుగంట ఆగి టాప్ కోట్ వేయండి. వెంటనే వేస్తే తెల్లచుక్కలు తోకలు సాగుతాయి. కుంచె గోటిని తాకకుండా రంగుబొట్టు మాత్రమే జారేలా లాగాలి. పైన ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గానీ లోపలిదాకా గట్టిపడటానికి గంటలు పడుతుంది. అందుకే ఇందాక రెండు గంటలన్నది. వెంటనే పడుకుంటే పొద్దున్నే గోళ్ల మీద దుప్పటి నేత అచ్చుపడి ఉంటుంది.

మనకు ఇంకో చిక్కుంది. చేత్తో అన్నం కలుపుకుంటాం. పప్పులో పసుపు, ఆవకాయలో నూనె, కారం. తెలుపు, లేత గులాబీ, లేత నీలం గోళ్లు కుడిచేతికి మూడురోజుల్లో పచ్చబడతాయి. తెల్లకొసల ఫ్రెంచ్ మానిక్యూర్‌కు ఆ గొడవ మరీ ఎక్కువ. పేరు ఫ్రెంచ్ అయినా దాన్ని 1970ల్లో ప్రచారంలోకి తెచ్చింది అమెరికాలో ఓర్లీ సంస్థ పెట్టిన జెఫ్ పింక్. వాళ్లది ఫోర్కుల భోజనం మరి. లేతరంగులే కావాలంటే తిన్న వెంటనే సబ్బుతో కడుక్కుని, మూడోరోజు ఇంకో పల్చటి టాప్ కోట్ వేయండి. లేదంటే ముదురురంగుల మీద లేతచుక్కలు పెట్టుకోండి, మరక చుక్కల్లో కలిసిపోతుంది.

అంచు లేచిందని గిల్లి పీకకండి. రంగుతోపాటు గోటి పైపొర కూడా వస్తుంది. మెరుపుల రంగులు మొండికేస్తే రిమూవర్‌లో తడిపిన దూది పెట్టి అల్యూమినియం రేకుతో వేలికి చుట్టి ఐదు నిమిషాలుంచండి. సీసాలో రంగు చిక్కబడితే రిమూవర్ పోయకుండా నెయిల్ పాలిష్ థిన్నర్ రెండుమూడు చుక్కలు వేయండి. ఆపరేషన్‌కు వెళ్తుంటే ముందే అంతా తీసేయండి, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరుకు ముదురురంగులు అడ్డం పడొచ్చు.

జెల్ పాలిష్, యూవీ లైటు కింద పెట్టి గట్టిపరిచే రకం, ఇంట్లో వద్దంటాను. సరిగ్గా గట్టిపడని జెల్ చర్మానికి తగులుతుంటే అందులోని హెమా లాంటి రసాయనాలకు ఎలర్జీ రావచ్చు. వచ్చిందంటే జీవితాంతం వదలదు. ఐరోపా యూనియన్‌లో హెమా ఉన్న గోటిరంగులు నిపుణుల వాడకానికి మాత్రమే. కొన్ని జెల్‌లలో ఉండే టీపీఓ అనే రసాయనాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి అక్కడ పూర్తిగా నిషేధించారు.

గోరింటాకు గోళ్లున్నవాళ్లకు

ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్నాక గోళ్లు ఎర్రగా పండుతాయి, అరచేతిలో పంట వెలిసినా గోళ్లది వెలవదు. గోరింటలోని లాసోన్ అనే రంగుపదార్థం గోటిలోని కెరటిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని ఉంటుంది, రిమూవర్‌కు లొంగదు. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే శ్రావణంలో వరలక్ష్మీవ్రతం నాటికి గోటి మొదట్లో తెల్లటి నెలవంక తేలుతుంది. చాలామంది అది బాగాలేదని మొత్తం గోటికి రంగు పూసేస్తారు. పూయకండి. ఆ నెలవంక వరకే సన్నకుంచెతో బంగారు రంగు నింపి, మిగతా గోటిని గోరింట ఎరుపుతోనే వదిలి, పైన టాప్ కోట్ వేయండి. 1920, 30లలో పాశ్చాత్య దేశాల్లో ఫ్యాషన్‌గా వెలిగిన హాఫ్ మూన్ డిజైన్ ఇదే, మనకు సగం పని గోరింటాకే చేసిపెట్టింది.

వినాయక చవితికి తెలుపూ ఎరుపూ కలిసే గీత గోటి మధ్యకు దగ్గరవుతుంది. అప్పుడు గీత వెంబడి తెల్లచుక్కలు వరసగా పెట్టండి, రెండు రంగుల గోరయిపోతుంది. దసరా నాటికి ఎరుపు కొసల్లో మాత్రమే మిగులుతుంది, పసుపు మరక పడని ఫ్రెంచ్ కొసలన్నమాట. బేస్ కోట్, టాప్ కోట్ చాలు. ఆ కొసలు కత్తిరించేసరికి అట్లతద్ది వస్తుంది, మళ్లీ గోరింటాకు రుబ్బుకోవడమే.